సుబ్బారావుగారి మాత్ర: వారానికి ఒక్క రోజే

జనవరి 12 యల్లాప్రగడ సుబ్బారావుగారి జయంతి. ఏటా మన సంఘాల్లో ఆయన పటానికి దండ వేస్తాం, గొప్ప శాస్త్రవేత్త అని నాలుగు మాటలు చెప్పుకుంటాం, కాఫీ తాగి ఇళ్ళకు వెళతాం. ఇరవై ఏళ్ళుగా సంఘం కార్యదర్శిగా నేనూ అంతే చేశాను. అయితే రెండేళ్ళ కిందట ఆయన కనిపెట్టించిన మందే మా ఇంట్లో ఒక ప్రాణం మీదికి తెచ్చింది. తప్పు మందుది కాదు, వాడిన తీరుది. అప్పటినుంచి ఆయన కథను నేను వేరేగా చెబుతున్నాను.

సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. చిన్నప్పుడు చదువు మీద మనసు నిలవక ఇల్లు వదిలి కాశీకి బయలుదేరితే తల్లి వెనక్కి రప్పించింది. మద్రాసు హిందూ హైస్కూల్లో చదివి, మూడో ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. పరీక్ష తప్పిన మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కుని ఆపరేషన్ గదిలోకి వెళ్ళడం తెల్లదొర ప్రొఫెసరుకు నచ్చలేదు. ఆ కోపం ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టా మాత్రమే చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసు దక్కక మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ కాలంలోనే స్ప్రూ అనే జబ్బు ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. మన పెద్దలు గ్రహణి అనేది దాదాపు ఇదే. ఎంత తిన్నా ఒంటికి పట్టదు, విరేచనాలతో మనిషి ఎండిపోతాడు. మామగారు కూడగట్టిన డబ్బు, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన హామీ ఆసరాగా ఆయన బోస్టన్‌కు ఓడ ఎక్కారు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్ళీ స్వదేశం చూడలేదు.

హార్వర్డ్‌లో సీటు దొరికింది కాని స్కాలర్‌షిప్ దొరకలేదు. పగలు చదువుకుంటూ, రాత్రిళ్ళు ఆసుపత్రిలో పోర్టరుగా పనిచేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడిగే పని అది. 1925లో ఫిస్క్ అనే ప్రొఫెసరుతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతికి ఈనాటికీ ఇద్దరి పేర్లూ కలిపే ఉన్నాయి. కండరాలకు శక్తి ఎక్కడినుంచి వస్తుందో తేల్చిన పరిశోధనలో కూడా ఆయన చెయ్యి ఉంది.

1940లో న్యూయార్క్ దగ్గరి లెడర్లీ మందుల కంపెనీలో చేరాక, ఆయన నడిపిన బృందం నుంచి ఒకదాని వెంట ఒకటి మందులు వచ్చాయి. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకు పనిచేసే మందు అదే. తర్వాత ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే మందులు చేశారు. అందులో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948లో ఆయన ప్రకటించిన 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. అంతవరకు ఆ జబ్బుకు మందే లేదు. అమినోప్టెరిన్‌కు తోబుట్టువే మెథోట్రెక్సేట్. బోదకాలు పురుగుకు హెట్రజాన్, టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆ బృందం నుంచే వచ్చాయి. 1948 ఆగస్టులో 53 ఏళ్ళకే నిద్రలో కన్నుమూశారు.

ఇక మా ఇంటి సంగతి. మా పెద్ద వదినగారికి కీళ్ళవాతం. డాక్టరు మెథోట్రెక్సేట్ వారానికి ఒకసారి అని, మిగతా రోజుల్లో ఫోలిక్ యాసిడ్ అని చీటీ రాశారు. రెండూ చిన్న పసుపు మాత్రలే. ఆమెకు తెలుగు తప్ప చదవడం రాదు. చీటీ ఇంగ్లీషులో ఉంది, మందుల కొట్టు కుర్రవాడు తమిళంలో గబగబా చెప్పాడు. ఆమె రెండు మాత్రలూ రోజూ వేసుకున్నారు. ఐదో రోజుకు నోరంతా పుండ్లు, గుటక పడలేదు. పక్కింటి అమ్మాయి నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతోంది. చూడటానికి వచ్చి, మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని, ఇది ఏ రోజు వేసుకుంటున్నారని అడిగింది. రోజూ అనగానే మమ్మల్ని ఆటో ఎక్కించింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారు. అది కూడా ఫోలిక్ యాసిడ్ కుటుంబంలోదే. వదినగారు బతికారు.

ఆ అమ్మాయి నాకు తర్వాత వివరంగా చెప్పింది. మెథోట్రెక్సేట్ కణాలు పెరగకుండా ఆపుతుంది. కీళ్ళవాతానికి కొద్ది మోతాదు, అదీ వారానికి ఒక్క రోజు చాలు. రోజూ పడితే ఎముకల్లోని మూలుగ రక్తం తయారుచేయడం మానేస్తుంది. నోటి పుండ్లు, జ్వరం, ఒంటిమీద కమిలిన మచ్చలు ముందుగా కనిపించే గుర్తులు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి ఇంకా ప్రమాదం. గర్భిణులకు ఇవ్వకూడదు, ఆ మాత్రను విరవకూడదు, నలపకూడదు. జలుబుకో మూత్రంలో మంటకో వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ మందు వాడుతున్నట్టు చెప్పాలి. కోట్రైమాక్సజోల్ వంటివి దీనితో కలిస్తే కీడు.

ఆయన బృందం తెచ్చిన మిగతా మందులకూ ఇలాగే జాగ్రత్తలున్నాయి. బోదకాలు మాత్రను రెండేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుగా ఉన్నవారికి ఇవ్వరు. ఖాళీ కడుపున ఇవ్వరు, కళ్ళెదుటే మింగించాలి. టెట్రాసైక్లిన్ మందులను పాలతో, ఐరన్ మాత్రలతో కలిపి వేస్తే ఒంటికి సరిగా పట్టవు. చిన్నపిల్లలకు ఇస్తే పళ్ళ మీద పోని మరకలు పడతాయి. ఫోలిక్ యాసిడ్ కూడా, బీ12 లోపం ఉన్న మనిషికి ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది కాని లోపల నరాలు చెడిపోతూనే ఉంటాయి.

అందుకే నర్సులకు మొదటి ఏడాదే ఐదు సంగతులు నేర్పుతారు: సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ. మందు ఎందుకు పనిచేస్తుందో తెలిసిన నర్సుకు, చీటీలో తేడా ఉంటే చెయ్యి ఆగుతుంది. డాక్టరును మళ్ళీ అడగడానికి జంకదు. సుబ్బారావుగారు రాత్రిళ్ళు ఆసుపత్రి వార్డుల్లో పనిచేసిన మనిషి. సీసాలో ఉన్న మందు రోగి నోటికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో ఆయన కళ్ళారా చూసే ఉంటారు.

మనలాంటి ఇళ్ళలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో మాట్లాడేది ఒక భాష, వీధిలో ఒకటి, చీటీ మీద ఇంకొకటి. కాబట్టి ఈ జయంతికి మా సంఘంలో దండతోపాటు ఒక పని పెట్టుకున్నాం. పెద్దవాళ్ళు తమ మందులన్నీ సంచిలో వేసుకుని వస్తారు. మన ఇళ్ళలోని నర్సింగ్ పిల్లలు చీటీతో సరిచూసి, అట్ట మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తారు. వారానికి ఒకసారి అని కాదు, బుధవారం మాత్రమే అని రోజు పేరుతో రాస్తారు. అనుమానం వస్తే డాక్టరును అడిగిస్తారు. మీ ఊళ్ళో సంఘం వారూ ఈ పని చేయండి. పటానికి దండ ఆ తర్వాత వేయవచ్చు.