సవర పిల్లల పంతులు

ఆగస్టు 29 అనగానే అందరికీ వాడుక భాష గిడుగు గుర్తొస్తారు. నాకు పంతులు గిడుగు ఇంకా ఇష్టం.

1863లో పుట్టిన గిడుగు వెంకట రామమూర్తి 1880లో పర్లాకిమిడి బడిలో చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకి బడి భాషే అర్థం కాదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం అయిన మన అదియమాన్‌కోట్టై పిల్లలకి ఇది వేరే చెప్పాలా? ఆయన ముందు తానే సవర నేర్చుకున్నారు, అదీ తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని. తర్వాత ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత ఖర్చుతో బడి పెట్టారు. తెలిసినదాన్నుంచి తెలియనిదానికి వెళ్లాలని బి.ఇడి. అక్కలు ఇప్పుడు బట్టీ పడతారు, ఆయన అప్పుడే చేసేశారు.

కొండల్లో మలేరియా పట్టుకుంది. క్వినైన్ మింగి మింగి చెవుడొచ్చింది. అయినా పని ఆపలేదు. 1931లో ఆయన సవర వ్యాకరణం ఇంగ్లీషులో అచ్చయింది. 1940లో పోయారు.