సర్ గిల్బర్టు వాకరు

విద్యార్థులారా, వర్షము కురియునా, కురియదా యనునది మన రైతునకు ప్రాణసంకటమైన ప్రశ్న. 1876 మొదలు 1878 వఱకు వానలు లేక నాటి మదరాసు రాజధానిలోని బళ్లారి, కర్నూలు, కడప మండలములయందు అసంఖ్యాకులు క్షామమునకు బలియైరి. రాబోవు ఋతువును ముందుగా నెఱుగు మార్గము కలదా యని ప్రభుత్వమువారు అప్పుడు విచారింపసాగిరి. శీతకాలమున హిమాలయములపై పడిన మంచును బట్టి తరువాతి వానలను ఊహింపవచ్చునని బ్లాన్‌ఫర్డు దొర తలచెను. కాని యిట్టి యూహలు ఎల్లప్పుడును ఫలింపలేదు. 1899లో వానలు సమృద్ధిగా పడునని చేసిన సూచన తప్పి, దేశము మరల క్షామము పాలయ్యెను.

ఈ చిక్కు ప్రశ్నను చేపట్టినవాడు గిల్బర్టు వాకరు. ఈయన 1868 జూన్ 14న ఇంగ్లాండులోని రాచ్‌డేలునందు జన్మించెను. 1889లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు ప్రథముడయ్యెను. 1904లో భారత వాతావరణశాఖకు అధ్యక్షుడుగా వచ్చునప్పటికి ఈయన గణితజ్ఞుడే కాని వాతావరణ శాస్త్రజ్ఞుడు కాడు. అయినను వెనుదీయలేదు. లోకపు నలుమూలలనుండి వాయుపీడనము, ఉష్ణము, వర్షము, నైలునది వరద మొదలగువాని లెక్కలు తెప్పించి, వానికి పరస్పరము గల సంబంధమును గణింపసాగెను. గణనయంత్రములు అరుదైన ఆ దినములలో భారతీయ గుమాస్తాలు ఓర్పుతో ఆ లెక్కలు చేసిరి. 1913 ఫిబ్రవరిలో మదరాసు వచ్చి, గుమాస్తా పనిలోనున్న శ్రీనివాస రామానుజముగారి గణితమును చూచి, ఆయనకు సాయపడవలసినదని విశ్వవిద్యాలయమునకు వ్రాసినవారిలో ఈయన యొకడు.

1924 నాటికి ఒక గొప్ప సంగతి బయలుపడెను. పసిఫిక్ మహాసముద్రముపై వాయుపీడనము హెచ్చినపుడు హిందూమహాసముద్రముపై తగ్గును; అచట తగ్గినపుడు ఇచట హెచ్చును. త్రాసుతట్టలవంటి ఈ మార్పునకు ఈయన దక్షిణ డోలనమని పేరిడెను. ఆ యేడే సర్ బిరుదమునొంది స్వదేశమునకు మరలెను. కాని తాను కోరిన వానకాలపు సూత్రము నమ్మదగినదిగా కుదరలేదు. డోలనమునకు కారణము తెలియనందున పలువురు పండితులు దానిని శంకించిరి. 1958 నవంబరు 4న ఈయన కాలధర్మము నొందెను.

1969లో బ్యర్క్‌నెస్ అను పండితుడు పసిఫిక్ జలముల వేడిమికిని ఈ డోలనమునకును గల సంబంధమును వివరించి, అచటి వాయుచక్రమునకు వాకరు పేరే పెట్టెను. ఎల్ నినో యనబడు ఆ వేడిమి సామాన్యముగా డిసెంబరు ప్రాంతమున మిక్కుటమగును. శీతకాలమున ఆ జలములు చల్లబడియున్నచో, తరువాతి వసంతమున అమెరికా దక్షిణ మైదానములయందు ఉరుములతోడి గాలివానలు, వడగండ్లు, సుడిగాలులు హెచ్చుటకును, వేడెక్కియున్నచో తగ్గుటకును మొగ్గు కలదని నేటి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఏ దినమున ఏ యూరిపై పిడుగు పడునో దీనివలన తెలియదు. ఋతువు మొగ్గు మాత్రమే తెలియును. అయినను ముందుగా మేలుకొనువారికి అదియు గొప్ప మేలే.

వాకరు తాను విత్తిన చేని పంటను కన్నులార చూడలేదు. కారణము తెలియకున్నను, తెలిసినట్లు నటింపక, కనబడిన లెక్కను కనబడినట్లే వ్రాసియుంచెను. బాలురారా, మీ లెక్కల పుస్తకములయందును ఆ నిజాయితీని అలవరచుకొనుడు. ఫలమిచ్చు కాలము దేవుని చేతిలో నున్నది.