పెనుకొండలో అన్నమయ్య క్షమ

మీ ఇంటికి తీరని కీడు చేసినవాడు శిక్షాకాలం ముగించుకొని ఊరికి తిరిగి వచ్చాడనుకోండి. నెరసిన తల, చంకన ఒక సంచి, బస్సు దిగి రచ్చకట్ట మీదుగా తన ఇంటి వైపు నడచిపోతున్నాడు. మీరు వాకిట నిలబడి ఉన్నారు. ముఖం తిప్పుకొంటారా, పండ్లు కొరుకుతారా, పలుకరిస్తారా? అనంతపురం మెట్ట పల్లెలలో ఇది వేదాంతులు కల్పించుకొనే ప్రశ్న కాదు. వానలేని నేలలో గట్టు తగాదా, బావి నీటి వంతు, పొలం దారి వంటివి కక్షలై ముదిరి, రెండు మూడు తరాల వరకు ఇండ్లను దహించిన సందర్భాలు మీకు తెలియనివి కావు. అనంతపురానికి చేరువనున్న రెడ్డిపల్లిలో ఆరుబయలు కారాగారం ఉన్నది. సత్ప్రవర్తన గల ఖైదీలు అక్కడ సేద్యం చేస్తూ శిక్షాకాలాన్ని గడుపుతారు. ఆ మడకచాళ్ల వెంట నడచినవారు ఏదో ఒకనాడు స్వగ్రామాలకు చేరవలసినవారే. వారి రాకకు వారి ఇల్లు సిద్ధంగానే ఉంటుంది. ఎదుటి ఇల్లు సిద్ధంగా ఉన్నదా అన్నదే సంశయం.

ధర్మశాస్త్రం ఈ విషయంలో మౌనం వహించలేదు. పాపం చేసి రాజదండన పొందినవాడు నిర్మలుడై, పుణ్యాత్ములతో సమానంగా సద్గతి పొందుతాడని మనువు నిర్ణయించాడు. శ్రీరామచంద్రుడు కిష్కింధలో వాలికి సమాధానం చెబుతూ ఈ మనుధర్మాన్నే ఉదాహరించాడు. శాస్త్రదృష్టిలో శిక్ష అనుభవించినవాని లెక్క అక్కడితో సరి. అయితే శాస్త్రం తీర్చినది రాజుకూ దోషికీ నడుమనున్న ఋణం. గాయపడినవాని హృదయంలో ఉన్న లెక్కను ఏ న్యాయస్థానమూ కొట్టివేయలేదు, దానిని అతడే కొట్టివేయాలి. మరి దోషం చేసినవాడు రాజే అయితే? అతనిని దండించే వాడెవడు? సామాన్యునికి ఒక్క కార్షాపణం దండన పడే తప్పుకు రాజుకు వేయి కార్షాపణాలు పడాలని మనువే అన్నాడు గాని, ఆ వేయినీ వసూలు చేసే అధికారి భూలోకంలో కనబడడు. అటువంటి చిక్కు సందర్భం ఒకటి ఈ మెట్టసీమలోనే, పెనుకొండ కోటలో సంభవించింది. బాధితుడు తాళ్లపాక అన్నమాచార్యులు. బాధించినవాడు ఆయన చిరకాల మిత్రుడైన సాళువ నరసింహరాయలు.

అనంతపురం నుంచి బెంగుళూరు వెళ్లే దారిలో సుమారు 70 కిలోమీటర్ల దూరాన పెనుకొండ కనబడుతుంది. 2022లో జిల్లాల విభజన జరిగిన పిమ్మట ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఘనగిరి అన్న సంస్కృత నామం దానికి చక్కగా తగినది. చుట్టూ ఎర్రని బీడు, నడుమ నిలువెత్తు రాతిగుట్ట, దాని మీద కోట. 1565లో విజయనగరం నేలకొరిగిన తరువాత రాజ్యానికి ఆశ్రయమిచ్చిన రాజధాని ఇదే. అయితే మన కథ అంతకు సుమారు శతాబ్దం ముందరిది.

అన్నమయ్య చరిత్ర మనకు దక్కడానికి కారణం ఆయన మనుమడు చిన్నన్న. తాతగారి జీవితాన్ని ఆయన ద్విపద కావ్యంగా రచించాడు. 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పరిష్కరణతో, విపులమైన పీఠికతో అది వెలుగు చూసింది. ఆ కావ్యం చెప్పిన కథనే ఇక్కడ అనుసరిస్తున్నాను.

రాజంపేట సమీపంలోని తాళ్లపాకలో నారాయణసూరి, లక్కమాంబ దంపతులకు అన్నమయ్య 1408లో జన్మించాడని పెద్దల లెక్క. బాల్యంలో ఆయన ధ్యాస పాటల మీద, స్వామి మీద. ఉమ్మడి కుటుంబంలో అటువంటి పిల్లవానికి మాటలు పడక తప్పదు. పశువులకు గడ్డి తెమ్మని ఇంటివారు అడవికి తోలారు. గడ్డి కోస్తుండగా కొడవలి చిటికెన వ్రేలిని తెగగోసింది. ఆ నెత్తురు చూసి, ఈ బంధువులు ఎవరు, నేను ఎవరు అన్న విరక్తి పుట్టి, దారిన పోతున్న యాత్రికుల వెంట తిరుమలకు నడచిపోయాడు. మోకాళ్ల మెట్టు దగ్గర అలసి పడుకొన్న ఆ బాలునికి అలమేలుమంగమ్మ స్వయంగా ప్రసాదం తినిపించిన కథ తెలుగునాట ప్రతి తల్లికీ తెలుసు. దాని తరువాతి భాగమే మనకు అంతగా గుర్తుండదు. కొంతకాలానికి తల్లి వెదుక్కుంటూ కొండకు వచ్చింది. మాటలతో గాయపరచి తరిమిన ఇంటికి ఆ కుమారుడు మారాడకుండా తిరిగి వెళ్లాడు, పెద్దలు కుదిర్చిన తిరుమలమ్మను, అక్కలమ్మను వివాహమాడాడు. పెనుకొండలో కనబడబోయే గుణం అప్పటికే ఆయనలో మొలకెత్తి ఉన్నదని నా అభిప్రాయం. తరువాత అహోబిలంలో శఠకోపయతి వద్ద వేదాంతం అభ్యసించి, సంకీర్తనమే తపస్సుగా జీవించాడు.

తాళ్లపాకకు చేరువలోని టంగుటూరులో ఉంటున్న సాళువ నరసింహుడు అన్నమయ్య కీర్తి విని ఆయనను ఆదరించాడు. గురువని గౌరవించాడు, మిత్రుడని చనువిచ్చాడు. ఇది లోతైన స్నేహమని మీరు గమనించాలి. తరువాతి ఘట్టంలోని బాధ అంతా ఆ స్నేహంలోనే ఉన్నది. పరాయివాడు కొట్టిన దెబ్బకు చర్మం కమిలితే, చెలికాడు కొట్టిన దెబ్బకు గుండె కములుతుంది. నరసింహుని బలం పెరిగింది, పెనుకొండ అతని వశమైంది. వైభవంలో మిత్రుని మరువక అన్నమయ్యను పెనుకొండకు పిలిపించాడు.

ఒకనాడు నిండుకొలువులో రాజు సంకీర్తన వినిపించమని కోరాడు. అలమేలుమంగ చిగురుటధరం మీద అంటిన కస్తూరిని వర్ణించిన శృంగార సంకీర్తనను అన్నమయ్య గానం చేశాడు. రాజు పరవశించాడు. ఆ పరవశంలోనే, అటువంటి పదం తన మీద ఒకటి చెప్పమని అడిగాడు.

రాజు అడిగినది కనీవినీ ఎరుగని కోరిక కాదు. పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. రాజనాథ డిండిముడు ఆయన విజయాలను సాళువాభ్యుదయమనే సంస్కృత కావ్యంగా కీర్తించాడు. కవులు తనను స్తుతించడం ఆయనకు నిత్యవ్యవహారం. అందుచేత అన్నమయ్య చెవులు మూసుకొని హరిహరీ అని, హరిని కీర్తించిన నాలుక నరుని కీర్తించదని నిరాకరించినప్పుడు, అది ఆయనకు భక్తుని వ్రతంగా తోచలేదు. మిత్రుడు కొలువు నడుమ చేసిన అవమానంగా తోచింది. కోపం కన్ను మూసింది. మూరురాయర గండ అన్న బిరుదుతో పిలిచే బరువైన సంకెళ్లు వేయించి అన్నమయ్యను చెరలో పెట్టించాడు.

ఇక మీరు ఆ చెరసాలలోకి ఒక్కసారి మనసు పోనీయండి. నిన్నటి దాకా పక్కన కూర్చుండబెట్టుకొన్నవాడే గొలుసులు వేయించాడు. చేతులు కదలవు, తంబుర లేదు. ఈ స్థితిలో మనమైతే ఏమి ఆలోచిస్తాము? ఆ రాజ్యం ఎప్పుడు కూలుతుందా అని, ఆ చేతికి ఎప్పుడు పక్షవాతం వస్తుందా అని ఆలోచిస్తాము. అన్నమయ్య ఒక సంకీర్తన అందుకొన్నాడు. ఆకలి వేళ, అలసిన వేళ, పరుల చేతిలో చిక్కిన వేళ, ఆపద వచ్చిన వేళ, సంకెళ్లు పడిన వేళ, చంపబిలిచిన వేళ, అప్పులవారు అడ్డగించిన వేళ హరినామం తప్ప వేరు దిక్కు లేదని దాని సారాంశం. ఆకలి, అప్పులవారు! సంకెళ్లు పడినది తనకు, పాటలో చేర్చుకొన్నది లోకమంతటి కష్టాన్ని. అనంతపురం రైతుకు ఆ రెండు మాటలకు వ్యాఖ్యానం అక్కరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల కురిసే వాన మీద బ్రతుకుతున్నవాడు ఆ పాటను తన పాటగానే వింటాడు.

ఆ సంకీర్తనను మరొక్కసారి పరిశీలించండి. అందులో నరసింహరాయల పేరు లేదు. అతని అన్యాయం మీద ఫిర్యాదు లేదు, శాపం లేదు, అతనికి బుద్ధి చెప్పమని స్వామికి విన్నపమైనా లేదు. చెరలో ఉన్నవాని మనసులో చెర వేసినవానికి చోటే దొరకలేదు. హరికథలలో, చలనచిత్రంలో ఇనుము తెగినప్పుడే మనం చప్పట్లు కొడతాము. ఇనుప సంకెళ్ల కంటే ముందు తెగినది ఈ పగసంకెల. విడుదల అయిన తరువాత క్షమించాలని ఆయన వేచి ఉండలేదు.

పాట సాగుతుండగా సంకెళ్లు ఊడిపడ్డాయి. కావలివారు పరుగున వెళ్లి విన్నవించారు. రాజు నమ్మలేదు. వచ్చి, ఇది ఏదో మాయోపాయమని, తన కళ్లెదుట మరల తొడిగించాడు. అన్నమయ్య మరల పాడాడు, అవి మరల ఊడిపడ్డాయి. అప్పుడు ఆ రాజు కన్నీటితో పాదాల మీద పడి క్షమించమని ప్రార్థించాడు.

ఇప్పుడు బంధితుడు నిలబడి ఉన్నాడు, బంధించినవాడు నేల మీద ఉన్నాడు. తపశ్శక్తి ఎంతటిదో అందరూ అప్పుడే చూశారు. ఒక్క కఠిన వాక్యం పలికి ఉంటే పెనుకొండ కోటలో అడ్డు చెప్పేవాడు లేడు. అన్నమయ్య ఆ మాట పలుకలేదు. లేవదీసి మన్నించాడు. హరిదాసులకు అపచారం చేయవద్దని హితం చెప్పాడు. రాజు చేసిన సత్కారాలు అందుకొని తిరుమలకు తరలిపోయాడు.

మన్నించాడు గదా అని, రాజు అడిగిన పదం మాత్రం చెప్పలేదు సుమా! తగవు ఏ కోరిక దగ్గర పుట్టినదో ఆ కోరిక తీరకుండానే ఉండిపోయింది. తప్పును తప్పు కాదని కూడా ఆయన అనలేదు. అనకపోవడమే కాదు, ఇక ముందు చేయవద్దని ఎదుటనే చెప్పాడు. కొలువులో కుదురుకోలేదు, కొండకు వెళ్లాడు. మన ఇండ్లలో క్షమ అనగానే చాలమంది భయపడేది ఇక్కడే. క్షమిస్తే జరిగినది మరచిపోవాలేమో, వానిని పంక్తిలో కూర్చుండబెట్టుకోవాలేమో, తాళంచెవులు అప్పగించాలేమో అని. భాగవతంలో ద్రౌపదీదేవిని తలచుకోండి. నిద్రిస్తున్న తన అయిదుగురు బిడ్డలను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ఎదుట నిలిపితే, నావలె ఇతని తల్లి ఏడవరాదని ఆమె విడిపించింది. అయినా అతని శిరోమణిని కోసి, తల గొరిగించి పంపివేశారు. ప్రాణం దక్కింది, పూర్వపు గౌరవం దక్కలేదు. జైలు నుంచి వచ్చినవానికి పొలం కాగితాలు అప్పగించమని ఏ శాస్త్రమూ మిమ్మల్ని అడగదు. మీ బిడ్డల చెవిలో అతని పేరును విషంగా పోయవద్దని మాత్రం అడుగుతుంది. కక్ష వారసత్వంగా దిగేది ఆ చెవి గుండానే.

నిత్యపూజ చివర మీరు స్వామి ఎదుట వేయి అపరాధాలకు క్షమాపణ వేడుకొంటారు. ఆ పలుకులు పలికి హారతి కళ్లకద్దుకొని, గుడి మెట్ల మీదనే పాత పగవాని గురించి పాపపు మాట మాట్లాడేవారిని అర్చకవృత్తిలో ఉన్నవారందరూ చూస్తూనే ఉంటారు. దూషించడానికి చెప్పడం లేదు. గాయం పాతబడినా నొప్పి పాతబడదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని తక్షణం క్షమించమనే అధికారం పురోహితునికి లేదు. అన్నమయ్యకు ఆ బలం జీవితమంతా పాడిన నామం వలన సమకూడింది. ఆ పూటకు ఆ పూట కావాలంటే రాదు.

క్షమకు కాలం కూడా కలసిరావాలి. కృష్ణదేవరాయల మహామంత్రి తిమ్మరుసు సమాధి అని ఈ పెనుకొండలోనే ఒక కట్టడాన్ని చూపుతారు. రాకుమారునికి విషం పెట్టించాడన్న అనుమానంతో రాయలు ఆయనను చెరలో వేయించి కన్నులు తీయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాశాడు. ఆ కథలో విడుదల లేదు. పాదాల మీద పడడానికి గాని, లేవదీయడానికి గాని ఎవరికీ వ్యవధి చిక్కలేదు.

నరసింహరాయలకు ఆ వ్యవధి చిక్కింది. 1485లో విజయనగర సింహాసనం అధిష్ఠించి 1491లో దివంగతుడైన ఆ రాజు పేరు తిరుమల శాసనాలలో విరివిగా కనబడుతుంది. స్వామికి గ్రామాలు సమర్పించాడు, ఉత్సవాలకు, నైవేద్యాలకు ఏర్పాట్లు చేశాడు. యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాన్ని నెలకొల్పి కందాడై రామానుజ అయ్యంగార్ చేతికి అప్పగించాడు. సంకెళ్లు వేయించిన చేయి, ఆకలి వేళ అన్నం పెట్టిన చేయి ఒక్కటే. అతని జీవితాన్ని సంకెళ్ల దగ్గర ఆపి తీర్పు చెప్పి ఉంటే రెండవది మన లెక్కలోకి వచ్చేది కాదు.

అన్నమయ్య శేషజీవితం స్వామి సన్నిధిలో గడచింది. నిత్యం ఆరాధించే అర్చామూర్తులు ఒకసారి చోరీకి గురైనప్పుడు కూడా ఆయన స్వామిని తెచ్చి ఇమ్మని పాటతోనే వేడుకొన్నాడని చెబుతారు. ముప్పదిరెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. రెండువేలకు పైబడిన రాగిరేకుల మీద తాళ్లపాకవారి సంకీర్తనలు నేటికీ నిలిచి ఉన్నాయి. వృద్ధాప్యంలో కుమారుడైన పెదతిరుమలాచార్యుని పిలిచి, ఇక మీద దినానికి ఒక్క సంకీర్తనకైనా తక్కువ కాకుండా స్వామికి సమర్పించమని అప్పగింత పెట్టాడు. 1503లో, దుందుభి నామ సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు స్వామిలో ఐక్యమయ్యాడు.