బంగారుపూత బాతు

పద్ధెనిమిదవ శతాబ్దంలో ఐరోపా పండితులు, ప్రభువులు, సామాన్యులు కథలు కథలుగా చెప్పుకొన్న బాతు ఒకటి ఉండేది. అది గుడ్డులోనుంచి పుట్టినది కాదు. రాగితో చేసి బంగారుపూత పూసిన బాతు అది. మెడ చాచి చేతిలోని గింజలు తినేది, నీళ్లు త్రాగేది, ముక్కుతో నీటిని చిలికేది, రెక్కలు విదిలించి బెకబెకలాడేది. ఒక్కొక్క రెక్కలో 400కు పైగా భాగాలు అమర్చినారని ప్రసిద్ధి. దాని నిర్మాత జాక్ వోకాన్సన్. లోకం అతనిని బాతువాడుగానే గుర్తుంచుకొన్నది. అతని అసలు ప్రతిభ ఆ బాతులో లేదు.

వోకాన్సన్ 1709 ఫిబ్రవరి 24న ఫ్రాన్సు దేశంలో, ఆల్ప్సు పర్వతాల చేరువనున్న గ్రెనోబుల్ పట్టణంలో జన్మించినాడు. తండ్రి తోలు చేతితొడుగులు చేసే వృత్తివాడు. ఇంటినిండా సంతానం, ఇతడు పదవవాడు. తండ్రి నీడ చిన్ననాడే తొలగిపోయినది. తల్లి మహాభక్తురాలు. ఆమె ఆధ్యాత్మిక గోష్ఠికి వెళ్లినప్పుడెల్లా కుమారుని వెంటబెట్టుకొని పోయేదట. పెద్దలు మాట్లాడుకొనే వేళ ఆ బాలునికి తోచక, గోడ సందులోనుంచి ప్రక్కగదిలోని గడియారాన్ని చూస్తూ కూర్చునేవాడు. లోలకం ఎందుకు ఊగుతున్నది? ముల్లు ఎందుకు ఆగి ఆగి నడుస్తున్నది? కొన్నాళ్లకు కొయ్యముక్కలతో తానే ఒక గడియారం చేసినాడు. అది కాలాన్ని ఇంచుమించు సరిగానే చూపినది. ఈ కథను అతని మరణానంతరం విజ్ఞాన అకాడమీ పక్షాన కొండార్సే చెప్పినాడు. మహనీయుల బాల్యానికి ఇటువంటి కథలు తరువాత అంటుకొనడం సహజమే గాని, ఇది మాత్రం అతని స్వభావానికి అతికినట్లున్నది.

చదువు జెసూట్ల వద్ద సాగినది. పిమ్మట లియాన్ నగరంలో మినిమ్ అనే సన్యాసుల సంఘంలో చేరినాడు. యంత్రశాస్త్రాభ్యాసానికి తావు దొరుకుతుందన్న ఆశ అతనిని మఠానికి చేర్చినదని అనుకొనవచ్చును. 1727లో అక్కడ అతనికి ఒక కర్మశాల కూడ లభించినది. సంఘంలో ఉన్నతాధికారి ఒకరు మఠాన్ని చూడవచ్చినప్పుడు, భోజనం వడ్డించి బల్లలు తీసివేసే మరబొమ్మలను ఆ యువకుడు సిద్ధం చేసినాడు. అతిథి మొదట ముచ్చటపడినాడు. తరువాత అది దైవధిక్కారమని తలచి కర్మశాలను ధ్వంసం చేయవలసినదిగా ఆజ్ఞాపించినాడు. పద్ధెనిమిదేండ్ల వాని శ్రమ మట్టిపాలయినది. అతడు అనతికాలంలోనే మఠం విడిచి బయటపడినాడు.

పారిస్ చేరిన తరువాత అతనికి పట్టిన పిచ్చి శరీరశాస్త్రం. ఊపిరి ఎట్లు వచ్చును, నాలుక ఎట్లు మెదలును, రక్తం ఎట్లు ప్రవహించును అన్న ప్రశ్నలకు గ్రంథాలలో సమాధానం చదివి ఊరుకొనక, చేసి చూడవలెనని సంకల్పించినాడు. రువాన్ నగరపు శస్త్రవైద్యుడు లె కా వంటివారి ఆలోచనలు అతనికి దోహదం చేసినవి. ట్విలరీ ఉద్యానంలో పిల్లనగ్రోవి ఊదుతున్న వనదేవత శిల్పం ఒకటి అతని కంటబడినది. ఆ రాతిబొమ్మ నిజంగా ఊదితే! బంధువులు ఆ తలంపును పరిహసించి అడ్డుపడినారట. అప్పులు పెరిగినవి. దీర్ఘవ్యాధితో మంచం పట్టినప్పుడు ఆ యంత్రానికి మనసులోనే రూపం కల్పించి, భాగాలను వేరువేరు పనివారిచేత చేయించి, తానే కూర్చినాడు. మొదటి స్వరం పలికిననాడు చాటుగా చూస్తున్న అతని సేవకుడు మోకాళ్లపై పడినాడని కొండార్సే వ్రాసినాడు.

1738 ఫిబ్రవరిలో పారిస్ ప్రజలు ఆ వేణుగాయకుని చూచినారు. మనిషెత్తు బొమ్మ, పన్నెండు రాగాలు పలికించేది. లోపల వాద్యపెట్టె దాచి పైన వేళ్లాడించే కనికట్టు కాదది. గాలి నిజంగా బొమ్మ నోటినుంచే వెలువడి వేణువులో దూరేది. తొమ్మిది కొలిమితిత్తులు మూడు బలాల గాలిని అందించేవి. ఆ గాలి ఒకే గొంతుగొట్టంలో కలిసి పెదవులకు చేరేది. పెదవులు విచ్చుకొనేవి, ముడుచుకొనేవి, ముందుకు వెనుకకు జరిగేవి. లోహపు నాలుక గాలిని ఆపి విడిచేది. వ్రేళ్లకు తోలు తొడిగినాడు. కఠినమైన వ్రేలు వేణురంధ్రాన్ని సరిగా మూయదు. మెత్తని చర్మం మూస్తుంది. చేతితొడుగులవాని కుమారునికి ఈ సంగతి మరియొకరు చెప్పవలసిన అవసరం ఉండదు గదా!

ఇదంతా నడిపినది పీఠంలో దాగిన ఒక పీపా. బరువు దిగుతుంటే ఆ పీపా తిరిగేది. దానిమీద నాటిన మేకులు పదునైదు మీటలను వరుసతప్పక లేపేవి: ఏడు వ్రేళ్లకు, మూడు గాలికి, నాలుగు పెదవులకు, ఒకటి నాలుకకు. మేకుల వరుసలోనే పాట ఉన్నది. నేటి బడిపిల్లలు అట్టముక్కలతో, చిన్న మోటారుతో, బ్యాటరీతో ఒక ఎలుకనో బాతునో చేసి నడిపిస్తున్నారు. మోటారు ఇరుసుకు కేంద్రం తప్పించి ఒక పుల్లను గ్రుచ్చి, దానికి కాలిని తగిలించినంతనే గుండ్రని తిరుగుడు ముందువెనుకల నడకగా మారుతుంది. వోకాన్సన్ మేకులది కూడ ఈ తంత్రమే: తిరుగుడును కోరిన కదలికగా మార్చడం. శక్తి మాత్రం బ్యాటరీది కాదు, బరువుది.

వేణుగాయకునికి వెంబడిగా ఒక చేత మూడు రంధ్రాల పిల్లనగ్రోవి, మరియొక చేత డోలు పట్టిన వాద్యకారుడు వచ్చినాడు. ఆ చిన్న గ్రోవిలో అడుగుస్వరానికి ఒక ఔన్సు బలం చాలునని, పైస్వరానికి 56 పౌనుల బలం కావలెనని వోకాన్సన్ ఈ నిర్మాణంలోనే తెలిసికొన్నాడు. ఊదేవానికి కూడ తెలియని తన రొమ్ము కష్టాన్ని బొమ్మ బయటపెట్టినది. ఇది విద్య.

బాతు సంగతి వేరు. తిన్న గింజలు లోపల కరగి, గొట్టాల వెంబడి పోయి, వెనుకనుంచి మలమై వెలువడునని నిర్మాత ప్రకటించినాడు. నిజమైన జీర్ణం వలె రక్తం పుట్టిస్తుందని మాత్రం తాను చెప్పడం లేదని ఒక హద్దు గీసికొన్నాడు. ఆ హద్దు కూడ చాలలేదు. 1783లోనే ఒక జర్మను పరిశీలకుడు సందేహం తెలిపినాడు. 1844లో బాతును బాగుచేయబూనిన ఇంద్రజాలికుడు రాబర్ హూడెన్, తిన్న గింజ లోపలే నిలిచిపోవునని, ముందే నింపి ఉంచిన ఆకుపచ్చ రొట్టెపొడి ముద్ద వెలువడునని వ్రాసినాడు. మెడ, రెక్క, ముక్కు నిజం, కడుపు అబద్ధం. ఊపిరిని అంత నిజాయితీగా అనుకరించినవాడు ఆకలి దగ్గర ఎందుకు తప్పినాడు? జనం డబ్బిచ్చి చూచినది ఆ ముద్దనే కాబోలు.

ప్రసిద్ధి మాత్రం మిన్నుముట్టినది. వోల్టేరు అతనిని ప్రొమీథియసుకు సాటిగా కీర్తించినాడు. ప్రష్యా ప్రభువు ఫ్రెడరిక్ తన ఆస్థానానికి ఆహ్వానించినాడు, ఇతడు పోలేదు. మనిషి కూడ ఒక యంత్రమేనని వాదించిన లా మెత్రీ తన గ్రంథంలో ఇతని పేరు తెచ్చినాడు. 1741లో ప్రధానమంత్రి కార్డినల్ ఫ్లూరీ ఇతనిని రాజ్యంలోని పట్టుపరిశ్రమకు పర్యవేక్షకునిగా నియమించినాడు. 1743లో తన మూడు బొమ్మలను అమ్మివేసి, వాటి ముఖం మళ్లీ చూడలేదు.

లియాన్ సాలెవారికి ఈ కొత్త అధికారి రాక మేలు చేయలేదు. 1744లో ఇతని ప్రమేయంతో వచ్చిన నిబంధనలు పెద్ద వర్తకులకు బలమిచ్చి, చిన్న నేతగాండ్రను కూలివారిగా దిగజార్చేవి. ఆ ఆగస్టులో నగరం తిరుగబడినది. బొమ్మలతో దేశాన్ని మెప్పించినవాడు సన్యాసి వేషం వేసికొని రాత్రివేళ పారిపోవలసివచ్చినది. తాను విడిచిన వేషమే ప్రాణం కాపాడినది. అతని కోపం మగ్గం రూపం ధరించినది. పూలు నేయడానికి నేర్పరి అక్కరలేదని నిరూపించడానికి గాడిద త్రిప్పే మగ్గం ఒకటి చేసినాడంటారు. నేతగాని నేర్పును గాడిదతో సరితూచడం మేధావికి తగిన పని కాదు. అయితే ఇంచుమించు ఆ కాలంలోనే, 1745లో, అతడు నిర్మించిన స్వయంచాలక మగ్గం సామాన్యమైనది కాదు. బూషోన్, ఫాల్కన్ అనేవారు అంతకుముందే చిల్లుల కాగితంతో, అట్టలతో నూలు ఎత్తించే ప్రయత్నం చేసినారు. ఇతడు ఆ పనిని మగ్గం నెత్తిన తిరిగే చిల్లుల పీపాకు అప్పగించినాడు. వేణువు పీపా ఇక్కడ పట్టుపోగులను లేపినది. వాడుకలో మగ్గం నిలువలేదు.

1746లో విజ్ఞాన అకాడమీ అతనిని సభ్యునిగా స్వీకరించినది. 1753లో వివాహమాడినాడు, ఒక కుమార్తెను కని భార్య అచిరకాలంలోనే మరణించినది. రక్తప్రసరణ చూపే నరరూపాన్ని నిర్మించవలెనన్న తొలికోరిక నెరవేరలేదు. లోహపు తరిణెలు, పట్టుదారం పేనే యంత్రాలు, గొలుసులు చేసే పనిముట్లు అతని ఉత్తరవయస్సును నింపినవి.

1782 నవంబరు 21న పారిస్‌లో వోకాన్సన్ కన్నుమూసినాడు. తన యంత్రసంచయాన్ని పదునారవ లూయీకి వ్రాసి ఇచ్చినాడు. బొమ్మలు మాత్రం అప్పటికే చేతులు మారి దేశాలు తిరుగుతున్నవి. 1805లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో ఒక సేకర్త ఇంట గ్యోథే ఆ బాతును చూచినప్పుడు అది ఈకలూడి, తిన్నది అరగని దీనస్థితిలో ఉన్నది. ఆనాటి బాతు నేడు లేదు. రాజుకు దక్కిన యంత్రాలు విప్లవానంతరం 1794లో నెలకొన్న కళా వృత్తి సంగ్రహాలయానికి చేరినవి. అక్కడ మూలనపడిన మగ్గాన్ని పందొమ్మిదవ శతాబ్దారంభంలో జాకార్డ్ అనే లియాన్ పనివాడు విప్పి బాగుచేసినాడు. పీపాకు బదులు చిల్లులు పొడిచిన అట్టలను గొలుసుగా కుట్టి, తన పేరిట లోకప్రసిద్ధమైన సాధనాన్ని కల్పించినాడు. ధర్మవరపు పట్టుచీర అంచులో పువ్వు ఎత్తే జాకార్డు అట్టలకు మూలపురుషులలో ఒకడు ఈ బాతువాడు.