గాలి బరువు తూచిన బ్లేజ్ పాస్కల్

పదో తరగతి దాటి ఐ.టి.ఐ.కో, పాలిటెక్నిక్‌కో వెళ్లిన మన హాస్టల్ విద్యార్థులందరికీ పాస్కల్ నియమం పరిచయమే. మూసి ఉన్న పాత్రలోని ద్రవం మీద ఒకచోట పీడనం కలిగిస్తే అది తగ్గకుండా అన్ని వైపులకూ సమానంగా ప్రసరిస్తుందని బట్టీపట్టి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుంటాం. ఆ పేరుగల మనిషి ఎవరు, ఎలా బతికాడు, ఆ ఒక్క వాక్యం వెనక ఎంత కథ నడిచింది అన్నది మాత్రం సిలబస్‌లో ఉండదు.

ముందే ఒక మాట. హాస్టల్ పత్రికల్లో వచ్చే జీవిత చరిత్రలు ఎక్కువగా పేదరికంలో పుట్టి పైకొచ్చినవాళ్లవి. పాస్కల్ అలాంటివాడు కాదు. తండ్రి ఎటియెన్ పాస్కల్ పన్నుల న్యాయస్థానంలో పెద్ద అధికారి, గణితం బాగా తెలిసినవాడు. ఇంట్లో డబ్బుకు లోటు లేదు. లోటంతా ఆరోగ్యానికే. 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాన్ పట్టణంలో పుట్టిన బ్లేజ్‌కు మూడేళ్లప్పుడే తల్లి చనిపోయింది. పద్దెనిమిదేళ్లు వచ్చిన తర్వాత ఒంట్లో నొప్పి లేని రోజు ఒక్కటీ తనకు లేదని ఆయన చెప్పేవాడట. అక్క జిల్బెర్త్ రాసిన తమ్ముడి జీవిత కథలో ఈ సంగతి ఉంది.

ఆయన ఏ బడికీ వెళ్లలేదు. 1631లో తండ్రి పిల్లల్ని తీసుకుని పారిస్ చేరి, చదువంతా తానే చెప్పాడు. ముందు భాషలు రావాలి, గణితం తర్వాత అని ఆయన పట్టుదల. లెక్కల పుస్తకాలు పిల్లవాడి కంటపడకుండా దాచేశాడు. దాచిన వస్తువు మీదే కదా పిల్లల చూపు! పన్నెండేళ్ల బ్లేజ్ బొగ్గుముక్కతో నేలమీద గీతలు గీసుకుంటూ, వృత్తానికీ రేఖకూ తనకు తోచిన పేర్లు పెట్టుకుని, త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలని సొంతంగా తేల్చుకున్నాడని జిల్బెర్త్ రాసింది. తమ్ముడి మీది ప్రేమతో కాస్త పెంచి రాసిందేమో గానీ, పదహారేళ్లకే ఆయన శాంకవాల మీద ఒక సిద్ధాంతం రాసి పెద్ద గణితవేత్తలను ఆశ్చర్యపరచిన మాట నిజం.

1640లో తండ్రికి రువాన్ నగరంలో పన్నుల వసూలు పని పడింది. రాత్రింబవళ్లు కూడికలే. తండ్రి అవస్థ చూసి కొడుకు 1642లో కూడికలు చేసే యంత్రం ఒకటి మొదలుపెట్టాడు. పళ్ల చక్రాలతో, ఒక చక్రం పది దాటగానే పక్క చక్రం ఒక పన్ను జరిగేలా దాన్ని చేయాలి. కాగితం మీద గీయడం ఒక ఎత్తు, లోహంలో దింపడం మరో ఎత్తు. దాదాపు యాభై నమూనాలు చేయించాడు. కలం, కంపాస్ పట్టినంత తేలికగా తన చేతికి సుత్తి రాదని, పనివాళ్ల సాయం లేకపోతే యంత్రం లేదని ఆయన రాసుకున్నాడు. అదే కాగితంలో రువాన్‌లోని ఒక గడియారాల పనివాడు తన యంత్రానికి నకలు చేశాడని, పైకి నున్నగా ఉన్నా అది పనిచేయలేదని, సిద్ధాంతం తెలియక చేస్తే అంతేనని కోపంగా కూడా రాశాడు. ఆ కోపంలో కొంత పెద్దింటి దర్పం ఉందనిపిస్తుంది. కానీ కొలతల లెక్క లేకుండా పని, పనివాడి చెయ్యి లేకుండా లెక్క ముందుకు కదలవన్నది ఆయన అనుభవంతో తెలుసుకున్న సంగతే. యంత్రం ధర ఎక్కువ కావడంతో పెద్దగా అమ్ముడుపోలేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ రోజుల్లో పెద్ద చదువులు చదివినవాళ్లందరూ నమ్మిన మాట ఒకటుంది. ప్రకృతికి ఖాళీ అంటే గిట్టదు, అందుకే శూన్యం ఎక్కడా ఉండదు అని. పంపులో పిస్టన్ పైకి లాగితే నీళ్లు ఎందుకు వస్తాయంటే, ఖాళీ ఏర్పడకుండా ప్రకృతి నీళ్లను పంపిస్తుందనేవారు. రెండు వేల ఏళ్ల నాటి అరిస్టాటిల్ పేరు దీనికి అండ. చిక్కేమిటంటే, పీల్చే పంపు ఎంత మంచిదైనా నీళ్లు సుమారు పది మీటర్ల ఎత్తు దాటి వచ్చేవి కావు. ప్రకృతి అయిష్టం పది మీటర్ల దాకేనా?

ఇటలీలో గెలీలియో శిష్యుడు టోరిచెల్లి నీళ్లకు బదులు పాదరసం తీసుకున్నాడు. అది నీటికంటే 13.6 రెట్లు బరువు. ఒకవైపు మూసిన గాజుగొట్టం నిండా పాదరసం పోసి, వేలితో మూసి, పాదరసమున్న గిన్నెలో తలకిందులుగా నిలిపితే పాదరసం కొంత దిగి సుమారు 76 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. పైన ఖాళీ. 76 సెంటీమీటర్లను 13.6తో గుణించండి, పది మీటర్ల పైచిలుకు వస్తుంది. పంపు ఆగే ఎత్తు అదే! బయటి గాలి బరువు గిన్నెలోని పాదరసాన్ని నొక్కుతోంది, ఆ నొక్కుడే గొట్టంలోని పాదరసాన్ని నిలబెడుతోంది అని టోరిచెల్లి 1644లో ఒక ఉత్తరంలో రాశాడు.

మన రైతులకు ఈ లెక్క పుస్తకం లేకుండానే తెలుసు. వేసవిలో బావిలో నీళ్లు దిగిపోతే గట్టు మీది మోటారు నీళ్లందుకోదు. ఫుట్‌వాల్వు ఒక్కటే కిందికి దించితే సరిపోదు, మోటారునే బావిలోకి దించి కట్టాలి. లోతు బోరుల్లో మోటారును నీళ్లలోనే ముంచి పెట్టడానికీ కారణం ఇదే. అది నీళ్లను పీల్చదు, కింద నుంచి తోస్తుంది.

1646లో ఈ ప్రయోగం కబురు రువాన్‌కు చేరింది. తండ్రీకొడుకులు దాన్ని చేసి చూశారు. ఇరవై మూడేళ్ల పాస్కల్ అక్కడితో ఆగలేదు. గొట్టం పైభాగాన ఉన్నది ఖాళీ కాదు, ద్రవం నుంచి లేచిన ఆవిరి అని పండితులు వాదించారు. సరే, అలాగైతే చూద్దాం అన్నాడాయన. రువాన్‌లో గాజు పనివాళ్లు చేయి తిరిగినవాళ్లు. వాళ్లచేత దాదాపు పదిహేను మీటర్ల పొడవైన గాజుగొట్టాలు చేయించి, ఓడ స్తంభానికి కట్టి, వందల మంది చూస్తుండగా ఒకదానిలో నీళ్లు, ఇంకోదానిలో ద్రాక్షసారాయి నింపి నిలబెట్టించాడు. ఆవిరి వాదమే నిజమైతే సారాయి తేలికగా ఆవిరవుతుంది కాబట్టి అది ఎక్కువ కిందికి దిగాలి. గాలి బరువు వాదం నిజమైతే, సారాయి నీటికంటే తేలిక కాబట్టి అది ఎక్కువ ఎత్తున నిలవాలి. ఎత్తునే నిలిచింది. వాదనలో గెలవడానికి గొంతు పెంచకుండా, రెండు వాదాలకూ రెండు వేర్వేరు ఫలితాలు వచ్చే ప్రయోగం వెతకడం పాస్కల్ పద్ధతి. ఆయన చేసిన పనులన్నిటిలో నాకు బాగా నచ్చినది ఇదే.

ఇంకా ఒక ముడి మిగిలింది. గాలి బరువే కారణమైతే, కొండ ఎక్కితే పైనుండే గాలి తగ్గుతుంది కాబట్టి పాదరసం కూడా దిగాలి. క్లెర్మాన్ పక్కనే పుయ్ ద డోమ్ అనే కొండ ఉంది. సముద్ర మట్టానికి 1465 మీటర్లు. కానీ కొండెక్కే ఒళ్లు కాదు పాస్కల్‌ది. ఆ ఊళ్లోనే ఉంటున్న బావ, జిల్బెర్త్ భర్త ఫ్లోరిన్ పెరియేకు 1647 నవంబర్‌లో ఉత్తరం రాశాడు. మంచు వల్ల, ఉద్యోగం పనుల వల్ల పది నెలలు ఆలస్యమైంది.

1648 సెప్టెంబర్ 19 ఉదయం పెరియే ఊరి పెద్దలు కొందరిని వెంటబెట్టుకుని మఠం తోటలో చేరాడు. ఒకే కొలత గల రెండు గొట్టాలలో పాదరసం నింపి చూశారు. రెండింటిలోనూ సుమారు 71 సెంటీమీటర్లు. ఒక గొట్టాన్ని అక్కడే ఉంచి, రోజంతా చూస్తుండమని ఒక మఠవాసికి అప్పగించారు. రెండో గొట్టం, పాదరసం మోసుకుని కొండెక్కారు. శిఖరం మీద చూస్తే 63 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తేడా! నమ్మలేక శిఖరం మీదే అయిదుసార్లు చేశారు. గాలికి తెరిచిన చోట, గుడి నీడన, ఎండలో, మంచు తెరలో. ప్రతిసారీ అంతే. దిగుతూ మధ్యదారిలో చూస్తే మధ్యకొలత వచ్చింది. కిందికొచ్చి అడిగితే, మఠంలోని గొట్టం పొద్దుటి నుంచి కదలలేదన్నాడు మఠవాసి. ఆ కదలని గొట్టం లేకపోతే, వాతావరణం మారినందువల్ల పాదరసం దిగిందని ఎవరైనా అనేవారు. తర్వాత పాస్కల్ పారిస్‌లో సుమారు యాభై మీటర్ల గోపురం మీద తానే చూసుకున్నాడు. అక్కడ తేడా చిన్నదే, అయినా కనిపించింది. ఈ ఆలోచన ముందు తనదేనని డెకార్ట్ అన్నాడు. ఆ తగవు తెగలేదు.

పాదరసం కొలతతో పాస్కల్ భూమి మీది గాలి మొత్తం బరువు లెక్కగట్టాడు. నేటి కిలోల్లో చెప్పాలంటే 4 పక్కన 18 సున్నాలు. ఈనాటి శాస్త్రజ్ఞుల లెక్క 5 పక్కన 18 సున్నాలు. ఇంత బరువు మన నెత్తిన ఉంటే నలిగిపోమా అంటే, పోము. గాలి పైనుంచి మాత్రమే నొక్కదు, పక్కల నుంచి, కింద నుంచి కూడా నొక్కుతుంది. మన ఒంట్లోని ద్రవాలు, గాలి అంతే పీడనంతో ఎదురు నొక్కుతాయి.

గాలి నుంచి ఆయన నీటికి వెళ్లాడు. ద్రవం అడుగున పీడనం పాత్ర ఆకారాన్ని బట్టి కాక ద్రవం ఎత్తును బట్టి ఉంటుందని చూపాడు. దీని గురించి ఒక బొమ్మ మనం చూస్తుంటాం. పీపాకు సన్నటి పొడుగాటి గొట్టం బిగించి, పై నుంచి కొద్ది నీళ్లు పోస్తే పీపా పగిలిపోతుంది. సూత్రం నిజమే గానీ, పాస్కల్ ఆ ప్రయోగం చేసినట్టు ఆయన రచనల్లో ఎక్కడా లేదు.

ఉన్నది వేరే యంత్రం. నీళ్లు నిండిన మూసిన పాత్రకు రెండు రంధ్రాలు, ఒకటి రెండోదానికంటే వంద రెట్లు పెద్దది. రెండింటికీ పిస్టన్లు. చిన్న పిస్టన్ మీద ఒక మనిషి నొక్కే బలం పెద్ద పిస్టన్ మీద వంద మంది బలానికి సరితూగుతుంది. జాక్‌లో చూడండి. చిన్న పిస్టన్ వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, పెద్దది 100 అనుకుందాం. చిన్నదాని మీద 10 కిలోల బరువు పడితే పీడనం చదరపు సెంటీమీటరుకు 5 కిలోలు. అదే 5 కిలోలు పెద్దదానిలో ప్రతి చదరపు సెంటీమీటరు మీదా పడుతుంది. మొత్తం 500 కిలోలు లేస్తాయి. ఊరికే రాలేదు సుమా! పెద్దది ఒక సెంటీమీటరు లేవాలంటే చిన్నది 50 సెంటీమీటర్లు దిగాలి. అందుకే జాక్ హ్యాండిల్ అన్నిసార్లు కొట్టాలి. బలంలో లాభం, దూరంలో ఖర్చు అన్న ఈ సంగతి కూడా పాస్కల్ తన పుస్తకంలో వివరించాడు. బ్రేక్ పెడల్ కింద మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గర వీల్ సిలిండర్లు, మధ్యలో ఆయిల్ పైపు, అన్నీ ఈ లెక్కే. పైపులో గాలి చేరితే బ్రేక్ మెత్తబడేది గాలి నలుగుతుంది, ఆయిల్ నలగదు కాబట్టి.

1654 నాటికే రాసిన ఆ పుస్తకాన్ని ఆయన అచ్చు వేయలేదు. ఆ ఏడాదే మరో గణితవేత్త ఫెర్మాతో ఉత్తరాలు నడుపుతూ సంభావ్యత లెక్కలకు పునాది వేశాడు. నవంబర్‌లో ఒక రాత్రి కలిగిన ఆధ్యాత్మిక అనుభవంతో మనసంతా మతం వైపు మళ్లింది. సైన్సు పక్కకు జరిగింది.

చివరి ఏడు చేసిన పని ఒకటి చెప్పాలి. 1662 మార్చి 18న పారిస్‌లో మిత్రులతో కలిసి కొత్త బండ్లు నడిపించాడు. నిర్ణీత దారి, నిర్ణీత సమయం, మనిషికి అయిదు సూల చార్జీ. బండి నిండినా నిండకపోయినా వేళకు బయలుదేరాలి. మన సిటీ బస్సుకు ముత్తాత అన్నమాట. అందులో తన వాటా మీద అడ్వాన్సు తీసుకుని బ్లోయీ ప్రాంతపు పేదలకు పంపాలని కూడా చూశాడు. అయితే ఆ బండ్లకు అనుమతినిచ్చిన పారిస్ న్యాయస్థానం సైనికులను, నౌకర్లను, కూలిపని చేసేవాళ్లను ఎక్కనివ్వరాదని షరతు పెట్టింది. చవక బండి అవసరమైనవాళ్లే బయట నిలబడ్డారు.

ఆ వేసవికి పాస్కల్ మంచం పట్టాడు. తన ఇంట్లో ఆశ్రయమిచ్చిన ఒక పేద కుటుంబంలోని పిల్లవాడికి అప్పుడే మశూచి సోకింది. పిల్లవాణ్ని కదిలించడం ప్రమాదమని, ఇంటివాడే ఇల్లు వదిలి అక్క ఇంటికి వెళ్లాడు. నయంకాని రోగుల ఆసుపత్రిలో పేదల మధ్య ఉంటానని అడిగాడు గానీ వైద్యులు కదలనివ్వలేదు. 1662 ఆగస్టు 19న అక్క ఇంట్లోనే చనిపోయాడు. వయసు 39.

ద్రవాల మీద, గాలి బరువు మీద ఆయన రాసినదాన్ని మరుసటి ఏడాది, 1663లో, కొండెక్కిన బావే అచ్చు వేయించాడు. 1971లో పీడనం ప్రమాణానికి పాస్కల్ అని పేరు పెట్టారు. అది చాలా చిన్న కొలత. 30 పి.ఎస్.ఐ. గాలి కొట్టిన టైరులో రెండు లక్షల పాస్కల్‌లకు పైగా పీడనం ఉంటుంది.

కాగితం మీది ఆ యంత్రం మాత్రం నూట ముప్పై ఏళ్లు కాగితం మీదే ఉంది. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన రైతు కొడుకు, కాలికి దెబ్బ తగిలి సేద్యం వదిలి వడ్రంగం నేర్చుకున్నవాడు. ప్రెస్సుకు వచ్చిన ఇబ్బంది లీకేజీ. పీడనం పెంచేకొద్దీ పిస్టన్ పక్కనుంచి నీళ్లు చిమ్మేవి. గట్టిగా బిగిస్తే పిస్టన్ కదలదు, వదులు చేస్తే కారుతుంది. అంచు మడిచిన తోలు వాషర్ పెట్టి దాన్ని సరిచేసింది బ్రామా దగ్గర పనిచేసే కుర్రవాడు హెన్రీ మాడ్స్‌లే అని చెబుతారు. నీళ్లు నొక్కేకొద్దీ తోలు అంచు విచ్చుకుని సిలిండర్ గోడకు మరింత అతుక్కుంటుంది. పీడనం తగ్గితే దానంతటదే వదులవుతుంది. లీకు చేసే పీడనమే లీకును ఆపుతుంది. మన ఊళ్లో బోరింగు విప్పినప్పుడు లోపల చూసిన తోలు వాషర్లు ఆ కుటుంబానివే. ఇప్పటి జాక్‌లలో తోలు పోయి రబ్బరు వచ్చింది.