పట్టా తగ్గింది.. పట్టు తగ్గలేదు!

శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పెరిగినవాళ్లకు బోదకాలు గురించి వేరే చెప్పక్కర్లేదు. కాలు వాచి, నడవలేక అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లను మీరు చూసే ఉంటారు. ఆ జబ్బు ముదరకుండా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి, తన ఎదుటే మింగమని ఇచ్చే డీఈసీ మాత్ర కూడా మీకు తెలిసిందే. ఆ మందును 1947లో లోకానికి ఇచ్చిన పరిశోధన బృందానికి పెద్ద ఒక తెలుగువాడు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. చదివిన చదువుకు తగిన పట్టా చేతికి రాలేదు. కోరుకున్న ఉద్యోగమూ దొరకలేదు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ఖద్దరు తెచ్చిన చిక్కు

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. మద్రాసులో మెట్రిక్, ఇంటర్ పూర్తిచేసి మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెడితే అది సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దాంతో మద్రాసు వైద్య సర్వీసులో ప్రయత్నిస్తే ఫలితం లేకపోయింది. ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

అక్కడే ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆయన మనసులో ఒక బాధ ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని మింగేసింది. పరిశోధన చెయ్యాలంటే విదేశం వెళ్లాలి. మామగారు సమకూర్చిన డబ్బు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో 1923 అక్టోబరులో బోస్టన్ చేరుకున్నారు. హార్వర్డ్‌లో సీటుంది గానీ ఆ సర్టిఫికెట్‌తో అమెరికాలో డాక్టరుగా పనిచేసే వీల్లేదు. అందుకే పూట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా చేరారు. రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తారు. పగలు చదువుకున్నారు.

నీలం రంగు చెప్పిన లెక్క

సైరస్ ఫిస్క్ దగ్గర ల్యాబ్‌లో చేరాక ఆయనకు దొరికిన పని చూడ్డానికి చిన్నదే: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలవడం. ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, దాన్ని క్షయకరణం చేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో వెలువడిన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ విద్యార్థులు నేటికీ ప్రాక్టికల్స్‌లో చేస్తున్నారు.

కొలత చేతికి చిక్కాక దాని వెంటే మిగతావీ వచ్చాయి. కండరంలో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో బయటపడింది. కణాలన్నిటికీ శక్తినిచ్చే ఏటీపీ 1929లో దొరికింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుక్కున్నారు. ఇన్ని చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి డైరెక్టర్ అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లోనే తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది పనిచేసింది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేదీ అదే.

తర్వాత అదే ఫోలిక్ యాసిడ్‌ను తలకిందులు చేసి ఆలోచించారు. కణాలు పెరగడానికి అది కావాలి. మరి అచ్చం దానిలాగే ఉండి, పని మాత్రం చెయ్యని పదార్థాన్ని పంపితే? తాళంలోకి దూరి తిరగని చెవిలా అది కణం పెరుగుదలకు అడ్డుపడుతుంది. అలా తయారైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇస్తే, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను ఇప్పుడు క్యాన్సర్లకే కాదు, కీళ్లవాతానికీ వాడుతున్నారు. టెట్రాసైక్లిన్ రకంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన హయాంలోనే వచ్చింది.

చెల్లించిన మూల్యం

ఇదంతా ఊరికే రాలేదు. 1923లో ఇల్లు విడిచిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. పుట్టిన బిడ్డను తండ్రి చూడకముందే పసితనంలోనే పోగొట్టుకున్నారు. అంతకాలం ఉన్నా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలో గుండె ఆగి కన్నుమూశారు. మీరు ఆయన్ని ఆదర్శంగా తీసుకుంటే ఈ భాగాన్ని కూడా కలిపే చదవండి.

మరి మీకు ఇందులో పనికొచ్చేదేంటి? పైడిభీమవరం ఫార్మా యూనిట్లలో క్యూసీ ల్యాబ్ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటున్న కెమిస్ట్రీ డిగ్రీ విద్యార్థులు మీలో చాలామందే ఉంటారు. అక్కడ చేసేదీ కొలతే. సుబ్బారావుకు పట్టా దారి చూపించలేదు. ఒక్క కొలతను తప్పు లేకుండా చెయ్యగలగడమే తలుపు తీసింది. కాబట్టి ఇంటర్వ్యూకు వెళ్లేముందు, డిగ్రీలో మీరు చేసిన ప్రాక్టికల్ ఒక్కటి ఎంచుకోండి. ఆ రసాయనం ఎందుకు కలిపారో, రంగు ఎందుకు మారిందో, ఎక్కడ తప్పు జరగొచ్చో మీ మాటల్లో చెప్పి చూసుకోండి. చెప్పలేకపోతే మార్కులు ఎన్నున్నా సరే, మళ్లీ ఓసారి ల్యాబ్‌కు వెళ్లండి. ఈసారి పక్కవాడి రికార్డు చూసి రాయకండి.