శ్రీ అయ్యగారి సాంబశివరావుగారు

హైదరాబాదు నగరమునకు ఈశాన్య దిశయందు ఏ. యస్. రావు నగరమను పేట యొకటి గలదు. ఆ పేరు మన విద్యార్థులెల్లరు నెరిగినదే. బస్సుల పలకలమీదను, దుకాణముల పలకలమీదను దానిని చూచియుందురు. కాని యా రావుగారెవరని యడిగినచో సరిగా చెప్పగలవారు మిక్కిలి కొలదిమంది. ఎవరో మంత్రిగారై యుందురని కొందరు తలంతురు. ఆయన మంత్రి కారు. గోదావరి మండలమున పల్లెటూర జన్మించి, కంప్యూటరులను స్వదేశముననే నిర్మించి విక్రయించు పరిశ్రమను మన నగరమున నెలకొల్పిన శాస్త్రజ్ఞులు.

ఈ సంచికకు వారి జీవితమునే గ్రహించుటకు కారణము గలదు. మన విద్యార్థులలో ననేకులు అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతములవారు. అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న సందులలో కంప్యూటరు భాషలను నేర్పు శిక్షణాలయముల పలకలు ఒకదానిపై నొకటిగా వ్రేలాడుచుండును. జిల్లాలనుండి వచ్చిన యువకులు అచ్చటి హాస్టళ్లలో నివసించి, చదివి, ఉద్యోగములకై దూరదేశములకు పోవుచుందురు. ఇట్టి చోట పెరుగు బాలురకు యంత్రములను గూర్చి అభిప్రాయములుండుట సహజము. ఏ ఫోను మేలైనది, ఏ కంప్యూటరుమీద ఏ ఆట తడబడక నడచును, టీవీ తెరలలో ఏది కన్నులకింపుగా నుండును అను విషయములపై విరామకాలమున వీరు చేయు వాదములను మేము వినియున్నాము. వానిలో తెలివి లేకపోలేదు. బీజగణిత సూత్రములు నిలువని తలలలో ఆ యంత్రముల వెలలన్నియు నిలిచియుండుట మాకు వింతయే. అయినను ఆ వాదములన్నియు ఎవరో చేసి, పెట్టెలో నుంచి పంపిన వస్తువులను గూర్చినవి. రావుగారిని జీవితమంతయు వెంబడించిన ప్రశ్న వేరు. ఈ వస్తువును మన చేతులతో మనమే చేయవలెనన్న ఏమి కావలెనన్నదే ఆ ప్రశ్న.

వారు 1914వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన, పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరమునకు సమీపముననున్న మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీలోని బనారసు హిందూ విశ్వవిద్యాలయమున ఎం. ఎస్‌సి. పట్టము పొంది, అచ్చటనే కొన్ని సంవత్సరములు ఉపాధ్యాయులుగ నుండిరి. పిమ్మట అమెరికాకు బోయి, 1946-47లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఎలక్ట్రికల్ ఇంజనీరింగు నభ్యసించిరి. వారక్కడికి పోవునాటికి ట్రాన్సిస్టరు అను వస్తువు లోకమున లేదు. 1947 డిసెంబరులోగాని అది పుట్టలేదు. రేడియోలుగాని, కొలత యంత్రములుగాని, అప్పుడప్పుడే తలయెత్తుచున్న కంప్యూటరులుగాని గాజు వాల్వులతోనే నడచుచుండెను. వాల్వు వేడెక్కును, కాలమునకు మాడిపోవును, విద్యుచ్ఛక్తిని మిక్కుటముగ త్రాగును. ఆ కాలపు పెద్ద యంత్రములలో నట్టివి వేలకొలది యుండెడివి.

స్వదేశమునకు మరలివచ్చి వారు బొంబాయిలో హోమీ భాభాగారి టాటా పరిశోధనా సంస్థయందు చేరిరి. అచ్చట విశ్వకిరణములను గూర్చియు, పరమాణువును గూర్చియు పరిశోధనలు జరుగుచుండెను. కంటికి కనబడని కణమును లెక్కించుటకు సున్నితములైన ఎలక్ట్రానిక్సు పరికరములు కావలెను. అట్టివి ఈ దేశమున తయారగుట లేదు. విదేశమునుండి తెప్పింపవలెనన్న ధనము చాలదు, కాలము సాగును. అవి చెడిపోయిన బాగుచేయువారు లేరు. కావున రావుగారి బృందము ఆ పరికరములను తామే చేయ నారంభించెను. మొదట ఒకటి రెండు, తరువాత పదులు, ఆ పిమ్మట వందలు. పరిశోధనకు సాయముగ మొదలైన పని క్రమముగ నొక కర్మాగారముగ మారెను.

1956 ఆగస్టు 4వ తేదీన బొంబాయి సమీపమున ట్రాంబేలో అప్సర యను అణురియాక్టరు పనిచేయ నారంభించెను. దానికి ఇంధనము ఇంగ్లండునుండి వచ్చినది. దానిని అదుపులో నుంచు ఎలక్ట్రానిక్సు పరికరములు మాత్రము రావుగారి బృందమువారు ఇచ్చటనే నిర్మించినవి. రియాక్టరునందు అణువిచ్ఛేదము ఎంత వేగమున జరుగుచున్నదో అనుక్షణము కొలుచుచు, హద్దు మీరినచో తక్షణము ఆపివేయు పరికరములవి. ఆటలో యంత్రము తడబడిన ఆట పోవును, అంతే. ఇచ్చట తడబాటునకు తావు లేదు. అట్టి బాధ్యతను తొలి ప్రయత్నముననే స్వదేశపు పనివాండ్రపై నుంచుటకు భాభాగారికి ఎంత నమ్మకముండవలెనో చదువరులు ఊహింపవచ్చును. 1960లో రావుగారికి పద్మశ్రీ బిరుదమును, 1965లో ఇంజనీరింగు శాస్త్రములకు భట్నాగరు బహుమానమును లభించినవి. 1972లో పద్మభూషణుని చేసిరి.

1962లో చీనా దేశముతో జరిగిన యుద్ధము, ఎలక్ట్రానిక్సు విషయమున మన దేశమెంత వెనుకబడియున్నదో తేటపరచెను. మరుసటి సంవత్సరము ప్రభుత్వమువారు భాభాగారి అధ్యక్షతన నొక సంఘము నేర్పరచిరి. విక్రం సారాభాయిగారు, పూర్వము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన సూరి భగవంతముగారు, మన రావుగారు అందు సభ్యులు. 1966 జనవరిలో భాభాగారు ఆల్ప్సు పర్వతములలో విమానము కూలి మరణించిరి. ఆ సంవత్సరముననే వెలువడిన సంఘ నివేదిక నిలిచినది. 1967 ఏప్రిలు 11వ తేదీన అణుశక్తి శాఖ క్రింద హైదరాబాదున ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ స్థాపింపబడెను. ఇ. సి. ఐ. ఎల్. అని జనులు పిలుచునది అదియే. దానికి మొదటి మేనేజింగు డైరెక్టరు రావుగారు. సుమారొక దశాబ్దము వారే దానిని నడపిరి.

ఇక వారి కంప్యూటరును గూర్చి కొంచెము వివరముగ చెప్పవలెను. మన దేశమున కంప్యూటరు నిర్మాణము అంతకు మునుపు లేకపోలేదు. టాటా పరిశోధనా సంస్థలో నరసింహన్‌గారి నాయకత్వమున టిఫ్రాక్ అను పెద్ద యంత్రము 1960 ప్రాంతమున సిద్ధమైనది. కాని యది వాల్వుల యంత్రము. పరిశోధకులు తమ యవసరమునకై కట్టుకొన్న ఒక్క యంత్రము. పలువురకు చేసి యమ్మదగినట్టి కంప్యూటరు 1969లో వచ్చినది. దాని పేరు టి. డి. సి. 12, అనగా ట్రాంబే డిజిటల్ కంప్యూటరు. ట్రాంబేలో రూపకల్పన జరుగగా, హైదరాబాదు సంస్థ దానిని తయారుచేసెను. పేరులోని పండ్రెండు దాని ప్రమాణమును తెలుపును. పండ్రెండు దీపములు వరుసగ నున్నవనుకొనుడు. ఒక్కొక్క దీపము వెలుగుచుండవచ్చును, లేదా ఆరియుండవచ్చును. రెంటిని పండ్రెండుమారులు హెచ్చవేసిన 4096 వచ్చును. ఆ వరుస తెలుపగలిగిన భేదములన్నియే. ఆ యంత్రము ఒక్కమారు పట్టగలిగిన సంఖ్య అంతమాత్రపుదే. అట్టి 4096 స్థానములలోను సంఖ్యలను నింపినను, నేడు విద్యార్థి తన ఫోనుతో దీయు నొక్క ఛాయాచిత్రములో ఐదువందలవ భాగము కూడ దానిలో నిమడదు.

ఇది చదివి బాలురు నవ్వుకొందురని మేమెరుగుదుము. నవ్వుటకు ముందు ఒక సంగతి తలంచుకొనవలెను. ఆ కాలపు కంప్యూటరులలో జ్ఞాపకశక్తి యనగా ఆవగింజలవంటి అయస్కాంత వలయములను సన్నని తీగలపై అల్లిన చాప. ఒక్కొక్క వలయమున ఒక్కొక్క అవును లేక కాదు. యంత్రము తప్పు చెప్పినచో ఇంజనీరు పరీక్షా పరికరము పట్టుకొని, తప్పు పుట్టిన చోటును వెదకి చూపగలిగెడివాడు. నేటి ఫోనును విప్పినవానికి ఆ భాగ్యము లేదు. టి. డి. సి. 12 నిర్మించినవారికి ఆ యంత్రమున తమకు తెలియని మూల ఒక్కటియు లేదు. ఆ యెరుకతోనే వారు దాని వెనుక 312, 316 అను యంత్రములను చేసిరి.

టీవీ విషయమున జరిగినది మరింత రమ్యము. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు ఒక్క సంవత్సరముపాటు, అమెరికావారి ఉపగ్రహము నెరవు దీసికొని, ఆరు రాష్ట్రములలోని సుమారు 2400 గ్రామములకు టీవీ ప్రసారములు పంపిరి. ఆంధ్రప్రదేశ్ వాటిలో నొకటి. మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు మొదలగు జిల్లాల పల్లెలు ఎన్నుకొనబడినవి. ఆ పల్లెలకు కావలసిన టీవీ పెట్టెలను చేసినది ఇ. సి. ఐ. ఎల్. వారు. పల్లెకు పోవు పెట్టె పట్టణపు పెట్టెవలె సుకుమారముగ నుండిన పనికిరాదు. ధూళికి, ఎండకు, ఎక్కుచు దిగుచునుండు విద్యుచ్ఛక్తికి ఓర్వవలెను. కొన్ని చోట్ల బ్యాటరీతోనే నడువవలెను. మిద్దెపై ఇనుప తీగల వలతో జేసిన గొడుగు ఆకాశమువైపు తిరిగియుండెడిది. ఉదయము బడిపిల్లలకును, సాయంకాలము పెద్దలకును కార్యక్రమములు వచ్చుచుండెను. సెలవులలో గ్రామ ఉపాధ్యాయులకు ఆ పెట్టె ద్వారముననే విజ్ఞానశాస్త్ర బోధనలో తరిఫీదు నిచ్చిరి. బోధనాభ్యసన కళాశాలలో నల్లబల్ల యెదుట శిక్షణ పొందిన మావంటివారికి ఆ సంగతి ఇప్పటికిని విచిత్రముగనే తోచును. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరు 23వ తేదీనగాని ప్రారంభము కాలేదు. అనగా మెదక్ జిల్లాలోని పల్లెవాసి, అమీర్‌పేటలోని మేడవాసికంటె రెండేండ్లు ముందుగ తన యూరనే టీవీ చూచినాడు! ఆ తరువాత నగరమున ఎన్నియో ఇండ్లలో ఇ. సి. టీవీ వెలసినది. మన విద్యార్థుల తాతలు, అవ్వలు ఆ పేరు వినగానే గుర్తుపట్టుదురు.

రావుగారి జీవితమును ఒట్టి స్తోత్రముగ వ్రాయుట మా యభిమతము కాదు. ఇ. సి. ఐ. ఎల్. కంప్యూటరులపై ఆ కాలముననే గట్టి ఆక్షేపణలు వచ్చెను. వాని వెల యెక్కువ. విదేశములలో అప్పటికి వచ్చియున్న యంత్రములతో పోల్చిన శక్తి తక్కువ. దిగుమతికి అనుమతి దొరకుట కష్టమగుటచే కళాశాలలవారు, పరిశోధకులు కోరిన యంత్రము కొనలేక యీ యంత్రముతోనే తృప్తిపడవలసివచ్చెను. ఒక్క సంస్థను పెంచుటకై దేశమంతయు వెనుకబడవలెనా యని అడిగినవారున్నారు. ఈ ఆక్షేపణ అబద్ధము కాదు. 1978 ప్రాంతమున ప్రభుత్వము చిన్న కంప్యూటరుల నిర్మాణమునకు ప్రైవేటు సంస్థలకు ద్వారము తెరచెను. ఆ పోటీలో టి. డి. సి. యంత్రములు నిలువలేకపోయినవి. నేడవి యెచ్చటను నడచుట లేదు.

అట్లయిన ఆ శ్రమ వ్యర్థమా? ఈ ప్రశ్నకు మా సమాధానము కాదనియే. యంత్రము పాతబడినది కాని దానిని చేసినవారి చేతులు పాతబడలేదు. అణువిద్యుత్కేంద్రముల అదుపు పరికరములు ఆ చేతులనుండియే వచ్చినవి. ఆ సంస్థలో పని నేర్చినవారిలో పలువురు బయటకు వచ్చి చర్లపల్లి, కుషాయిగూడ, నాచారం ప్రాంతములలో చిన్న చిన్న కర్మాగారములు పెట్టుకొనిరి. క్రీస్తు ప్రభువు చెప్పిన తలాంతుల ఉపమానము మన విద్యార్థులెరుగుదురు. ఒక తలాంతు గలవాడు భయపడి, తనదానిని భూమిలో పాతిపెట్టెను. రావుగారు హైందవ కుటుంబమున పుట్టినవారు. అయినను ఆ తప్పు చేయనివారిలో వారిని లెక్కించుటకు మేము సందేహింపము.

అట్లని అమీర్‌పేట శిక్షణాలయములను రావుగారి సంతానమనుట అతిశయోక్తి యగును. ఆ త్రోవ వేరు. అచ్చట నేర్పునది ఇతరులు చేసిన యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయు విద్య. దానివలన వేలాది కుటుంబములు బాగుపడినవి, అందు మన పూర్వ విద్యార్థులును గలరు. మేము దానిని తక్కువచేయము. కాని యంత్రమునే విప్పి చూడవలెనను కోరిక గల బాలుడెవడైన మన తరగతులలో నుండినయెడల, వానికి చూపదగిన త్రోవ నగరమునకు ఆవలి కొసను గూడ నున్నదని తల్లిదండ్రులు తెలిసికొనవలెను. పాడైన రేడియోను విప్పినందుకు బిడ్డను దండించిన తండ్రులను మేమెరుగుదుము.

ఇ. సి. ఐ. ఎల్. చేసిన వస్తువులలో పెద్దలందరి వ్రేళ్లకు తగిలినది మరియొకటి గలదు. ఎన్నికల సంఘమువారి కోరికపై ఓటు వేయు ఎలక్ట్రానిక్సు యంత్రము యొక్క తొలి నమూనాను ఆ సంస్థ 1979లో సిద్ధముచేసెను. ఒక మీట, ఒక ఎర్రదీపము, ఒక శబ్దము; చూచుటకంత సామాన్యమైనది. 1982లో కేరళ రాష్ట్రమున పరూరు నియోజకవర్గములో కొన్ని పోలింగు కేంద్రములయందు అట్టి యంత్రములను మొదట వాడిరి. న్యాయస్థానములలోను, పార్లమెంటులోను వానిని గూర్చి యెన్నియో వాదములు జరిగి, క్రమముగ అవి దేశమున వ్యాపించెను.

రావుగారు 2003వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన, తమ ఎనుబది తొమ్మిదేండ్ల వయస్సున పరమపదించిరి. 2004 వేసవిలో లోకసభకు ఎన్నికలు జరిగినప్పుడు, దేశమునందలి నియోజకవర్గములన్నిటను ప్రజలు ఆ యంత్రములమీదనే, మొదటిసారిగ, ఓటు వేసిరి.